మొసలి కన్నీరు

"మొసలి కన్నీరు" అను మాట నేడు తెలుగులో ఎంతగా నాటుకొని పోయినదంటే, అది పరభాషనుండి వచ్చిన జాతీయమన్న సంగతి వాడేవారికి తోచదు. మన సాహిత్యంలో మొసలికి లోటు లేదు. పోతన భాగవతంలో అది గజేంద్రుని కాలు పట్టినది. పంచతంత్రంలో కోతితో చెలిమి చేసి, భార్యకోసం దాని గుండెను కోరినది. నీటిలో ఏనుగును ఈడ్చే మొసలి ఒడ్డున కుక్కకు లోకువ అన్నాడు వేమన. ఏడ్చే మొసలి మాత్రం ఐరోపానుండి వచ్చినది.

14వ శతాబ్దంలో సర్ జాన్ మాండెవిల్ పేరిట ప్రచారమైన యాత్రాగ్రంథం, మొసళ్ళు మనుష్యులను చంపి ఏడుస్తూ తింటవని చెప్పినది. అంతకుముందే ఉన్న యీ నమ్మకం ఆ గ్రంథంవలన ఇంగ్లీషువారిలో బాగా వ్యాపించినది. షేక్స్పియరు "ఒథెల్లో"లో, భార్యను శంకించిన భర్త ఆమె కన్నీటిని మొసలి కన్నీటితో పోల్చినాడు. ఆమె నిరపరాధిని, ఆ కన్నీరు నిజమైనది.

2007లో వెలువడిన ఒక పరిశీలనలో, అమెరికాలోని ఫ్లారిడాలో మొసలిజాతికి చెందిన ఏడు జంతువులను మేత మేసే వేళ గమనించగా, అయిదింటి కళ్ళు చెమర్చినవి. పూర్వులు చెప్పిన నీరు ఉన్నమాటే. అందులో కపటాన్ని చూచినది మనుష్యుడు.

హిందీలో ఈ జాతీయం "ఘడియాలీ ఆఁసూ" అయినది. చంబల్ వంటి ఉత్తరాది నదులలో నివసించే ఘడియాల్‌కు మూతి సన్నగా పొడుగ్గా ఉంటుంది; దాని ముఖ్యాహారం చేపలు. మనుష్యులను తిని ఏడ్చినదన్న నింద చివరకు ఆ చేపల వేటగానిపై పడినది!

హిందీనుండి తెనిగించేటప్పుడు ఈ జాతీయం ఎదురైతే మాటకోసం వెదకనక్కరలేదు. నేను ఆగి చూచేది, అది ఎవరి మాట అని. ఆస్తి పంపకాలనాడు భర్తను పోగొట్టుకొన్న వదినె ఏడ్చినదనుకొందాం. అవి "ఘడియాలీ ఆఁసూ" అని మరది అనుకొంటాడు. కథకుడు "అనుకొన్నాడు" అన్న మాట లేకుండానే ఆ తలపును తన వాక్యంలో కలిపి వ్రాయవచ్చును. తెలుగులో అది తేటగా ఉండాలని "ఆమె దొంగ ఏడ్పు ఏడ్చినది" అని వ్రాస్తే, మరది శంక కథకుని తీర్పుగా మారిపోతుంది. వదినెకు అన్యాయం జరుగుతుంది. అందుచేత అట్టిచోట "మొసలి కన్నీరు" అనే ఉంచి, ఆ వాక్యంలో మరది గొంతు వినబడేటట్లు చూస్తాను. ఆమె ఏడ్పు నిజమో కాదో తేల్చుకొనే పని పాఠకునిది.