కారు మూలుగుతోంది... వినపడుతోందా?

నెల్లూరు నుంచి మైపాడు వెళ్లే రోడ్డు. సాయంత్రం వేళ. రెండు పక్కలా రొయ్యల గుంటలు. పాత చిన్న కారులో స్టీరింగ్ ముందు ఆయన, పక్కన ఆవిడ, వెనక సీట్లో పన్నెండేళ్ల మనవరాలు.

''ఏమండీ, ఏందా శబ్దం?''

''ఏం శబ్దం?''

''కుయ్‌మంటా ఉంది... చెవిలో దోమ దూరినట్టు.''

''ఇంజిన్ అన్నాక శబ్దం రాకుండా ఎట్టా ఉంటుందే? నాకేం వినపళ్లా.''

''నాకూ వినపడతా ఉంది తాతా. నువ్వు యాక్సిలరేటర్ తొక్కితే ఇంకా పెద్దదవతా ఉంది'' అంది వెనక నుంచి మనవరాలు.

ఆయన జవాబివ్వలేదు. పాటల సౌండు పెంచారు.

2022 వేసవిలో మొదలైన ఈ గొడవ ఆ ఇంట్లో నెల రోజులు నడిచింది. ఆయన మొండికేయడానికి కారణం ఉంది. బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు అప్పటికే నాలుగుసార్లు ఫోన్ చేశాడు. 'వరదలో తడిసిన బండి నాయనా, అమ్మేద్దాం' అని. ఇప్పుడు ఇల్లాలు, మనవరాలు కూడా కొడుకు పక్షం చేరి, లేని శబ్దం ఉందంటున్నారన్నది ఆయన అనుమానం.

ఆ కారును వదులుకోవడం ఆయనకు కష్టం. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నెల్లూరు జిల్లా ఊళ్లకు ఊళ్లు నీళ్లలో చిక్కుకున్నాయి. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది. ఆ రాత్రి సగం టైరు లోతు నీళ్లలో, భార్యనూ పక్కింటి ముసలావిడనూ ఎక్కించుకుని మెరక ప్రాంతానికి చేర్చింది ఈ కారే. ఎక్కడా ఆగలేదు. అలాంటి బండిని పాత సామాన్లవాడికి వేసినట్టు అమ్మేయమంటే మనసెలా ఒప్పుతుంది?

చివరకు మనవరాలే తేల్చేసింది. ''మెకానిక్ తాతకు చూపిద్దాం. శబ్దం లేదంటే నేనింక అడగను.''

పాప చెవులు... మెకానిక్ చేతులు

నెల్లూరులో ఆయన పాతికేళ్లుగా నమ్మిన షెడ్డు అది. మెకానిక్ కూడా అరవై దాటినవాడే. విషయమంతా విని బానెట్ ఎత్తలేదు. పాప చేతికి ఓ కాగితం, పెన్సిలూ ఇచ్చాడు. ''నేను బండి నడుపుతా. ఎప్పుడు వినపడిందో, ఎప్పుడు ఆగిందో నువ్వు రాయి'' అన్నాడు.

మొదటి పరీక్ష నిలబెట్టిన చోటే. గేరు న్యూట్రల్‌లో ఉంది, ఇంజిన్ నడుస్తోంది. సన్నగా కూత వినపడుతోందని పాప రాసింది. మెకానిక్ క్లచ్ పూర్తిగా తొక్కాడు. కూత ఆగింది. వదిలాడు. మళ్లీ మొదలైంది.

ఈ ఒక్క పరీక్షతోనే సగం సంగతి బయటపడుతుంది. క్లచ్ తొక్కితే ఇంజిన్‌కూ గేరుబాక్సుకూ లంకె తెగుతుంది. ఇంజిన్ తిరుగుతూనే ఉన్నా గేరుబాక్సు లోపలి ఇరుసు ఆగిపోతుంది. అప్పుడు కూత కూడా ఆగిందంటే జబ్బు గేరుబాక్సులో ఉన్నట్టు. క్లచ్ తొక్కినా ఆగకపోతే ఫ్యాన్ బెల్టునో, ఆల్టర్నేటర్‌నో చూడాలి. తొక్కినప్పుడు మాత్రమే కూస్తే క్లచ్ రిలీజ్ బేరింగ్ అరిగిందని అనుమానించాలి.

రెండో పరీక్ష రోడ్డు మీద. ఏ గేరులో ఉన్నా యాక్సిలరేటర్ తొక్కగానే కూత పెరుగుతోంది, కాలు తీస్తే తగ్గుతోంది. ఖాళీగా, తిన్నగా ఉన్న చోట ఇంజిన్ ఆపకుండానే మెకానిక్ గేరును న్యూట్రల్‌లోకి తెచ్చి కారును దొర్లనిచ్చాడు. బండి వేగంగానే పోతోంది. కూత మాత్రం దాదాపు లేదు. అంటే చక్రాలతో పాటు తిరిగే డిఫరెన్షియల్‌లో తేడా లేనట్టే. కారును కొంచెం ఎడమకూ కొంచెం కుడికీ ఊపాడు. చక్రం బేరింగ్ పోయి ఉంటే బరువు అటూ ఇటూ మారినప్పుడల్లా మోత హెచ్చుతగ్గులవుతుంది. ఇక్కడ అదీ లేదు.

వెనక చక్రాలు లాగే పాత అంబాసిడర్ లాంటి బళ్లయితే ఇంకో కిటుకు ఉంది. వాటి నాలుగో గేరులో శక్తి పక్క ఇరుసు పళ్ల మీదుగా పోకుండా నేరుగా వెనక్కి పోతుంది. కింది గేర్లలో వచ్చే కూత నాలుగో గేరులో తగ్గితే తప్పు ఆ పక్క ఇరుసు మీదనో, దాని బేరింగుల్లోనో ఉంటుంది. ముందు చక్రాలు లాగే చిన్న కార్లలో ఆ సౌకర్యం లేదు.

షెడ్డుకు తిరిగొచ్చాక మెకానిక్ పొడవాటి స్క్రూడ్రైవర్ కొసను గేరుబాక్సు మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టాడు. ఒక్కో చోటా ఆగుతూ ఓ మూల దగ్గర తలూపాడు. ''ఇదిగో, ముందు ఇరుసు బేరింగ్.''

గేరుబాక్సు కింది బోల్టు విప్పితే కారింది నూనెలా లేదు. పాలు కలిపిన టీలా ఉంది. గేర్లు వేడెక్కినప్పుడు గాలి బయటకు పోవడానికి గేరుబాక్సుకు ఓ చిన్న గొట్టం ఉంటుంది. నీళ్లలో దిగితే వేడి బాక్సు ఒక్కసారిగా చల్లబడి, ఆ దారినే నీటిని లోపలికి పీల్చుకుంటుంది. వరద రాత్రి జరిగింది అదే. నీళ్లు కలిసిన నూనెకు జారుడు గుణం తగ్గుతుంది, బేరింగ్ గుండ్లకు తుప్పు పడుతుంది. ప్రాణాలు కాపాడిన బండి ఆ రాత్రే జబ్బు పడింది. ఎవరూ చూడలేదంతే.

''ఇంకో రెండు నెలలు ఇట్టనే తిప్పుంటే పళ్లు కూడా పొయ్యేవన్నా. పాప బతికించింది'' అన్నాడు మెకానిక్. బేరింగ్, సీళ్లు మార్చి, కారు పుస్తకంలో రాసిన రకం నూనే పోశాడు. గేర్ ఆయిల్ అంతా ఒకటే అనుకుంటారు చాలామంది. జీఎల్-5 రకం నూనెల్లోని రసాయనాలు కొన్ని పాత గేరుబాక్సుల్లోని ఇత్తడి రింగులను తినేస్తాయి. అందుకే జీఎల్-4 రాసి ఉంటే అదే పోయాలి.

అసలు జబ్బు ఎవరికి?

కారు బాగైంది. ఆయన ముఖం మాత్రం వాడిపోయింది. కూత నిజం. భార్యకు వినపడింది, పాపకు వినపడింది. తనకెందుకు వినపడలేదు?

''నాకూ సరిగ్గా వినపడదన్నా. అందుకేగా స్క్రూడ్రైవర్'' అని నవ్వాడు మెకానిక్. ''నా చెవులు రేకుల మోతకి పోయినాయి. నీ చెవులు ఏరేటర్ల మోతకి. కారుకి నేనున్నా. నీ చెవికి డాక్టరున్నాడుగా!''

ఆయన 1990ల నుంచీ గుంటల మీదే బతుకుతున్నారు. మొదట్లో టైగర్ రొయ్య, 2009 తర్వాత వనామీ. రాత్రిళ్లు ఏరేటర్లు, కరెంటు పోతే డీజిల్ జనరేటరు. దాని పక్కనే మంచం. పెద్ద మోతలో ఏళ్ల తరబడి ఉంటే లోపలి చెవిలోని సన్నటి కణాలు చచ్చిపోతాయి. మళ్లీ పుట్టవు. వయసు కూడా తోడైతే ముందుగా పోయేది కీచు స్వరాలే. ఇరవై పళ్ల చక్రం నిమిషానికి మూడువేల చుట్లు తిరిగితే సెకనుకు వెయ్యిసార్లు పన్ను మీద పన్ను పడుతుంది. దాని వెంట వచ్చే సన్నటి స్వరాలు అంతకు రెండింతలు, మూడింతలు. సరిగ్గా ఆయన చెవి వదిలేసినవి అవే.

డాక్టరు గీసి చూపించిన వినికిడి గీత ఎడమవైపు బాగానే ఉండి, కుడివైపుకి వచ్చేసరికి గట్టు దిగినట్టు దిగిపోయింది. ''ఆడవాళ్ల మాటలు, పిల్లల మాటలు సరిగా అర్థం కావడం లేదా?'' అడిగాడు డాక్టరు. ఆయన భార్య వంక చూశారు. మూడేళ్లుగా ఆవిడ ప్రతి మాటా రెండుసార్లు చెబుతోంది. గొణుగుతోందని ఆయన విసుక్కుంటున్నారు. మనవరాలు ఫోన్‌లో ఏదో చెబితే అర్థం కాక, నవ్వి ఊరుకుంటున్నారు.

''ఇన్నాళ్లూ చెబుతూనే ఉన్నా కదండీ'' అంది ఆవిడ.

ఆ మాట మాత్రం ఆయనకు స్పష్టంగా వినపడింది.

బేరింగ్ మార్చినట్టు చెవి మార్చడం కుదరదు. వినికిడి యంత్రం పెట్టుకున్నారు. మొదటి వారమంతా గోల. గిన్నెల చప్పుడు, కాకుల అరుపు, పేపరు మడత పెట్టినా చెవిలో గరగర. రెండో వారం ఆదివారం ముగ్గురూ మైపాడు బీచ్‌కి వెళ్లారు. దారంతా కారు నిశ్శబ్దంగా ఉంది. మనవరాలు స్కూలు కబుర్లు చెబుతూనే ఉంది. ఆయన ఒక్కసారి కూడా 'ఏందీ?' అనలేదు.

తిరుగు ప్రయాణానికి కారును వెనక్కి తీస్తూ ఆయన ఒక్కసారిగా బ్రేకు వేశారు. ''కూత! వినపడింది. ఇంకా ఉందే!''

పాప పడీపడీ నవ్వింది. ''అది రివర్స్ గేరు తాతా! ముందుకు పోయే గేర్ల పళ్లు ఏటవాలుగా ఉంటాయి, మెల్లగా ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. రివర్స్ గేరు పళ్లు తిన్నగా ఉంటాయి, ఠపీమని తగులుకుంటాయి. మన కారు కొన్నప్పట్నుంచీ అట్టనే కూస్తుందంట. మెకానిక్ తాత చెప్పాడు.''

కొన్నప్పట్నుంచీ ఉన్న కూత. ఎన్నాళ్లుగానో వినపడని కూత. ఆయన మళ్లీ రివర్స్ వేసి, ఈసారి అవసరం లేకపోయినా ఇంకో నాలుగు గజాలు వెనక్కి పోనిచ్చారు.