పసివాడికి మంగు

బెజవాడ ఎండను తిట్టనివాడు బెజవాడ వాడు కాడు. ఈ ఊరిని ఎవరో పెద్దమనిషి ‘బ్లేజువాడ’ అన్నారట. నేనూ ఇరవయ్యేళ్లుగా తిడుతూనే వున్నాను. కాని నేను తిట్టింది వేడిని. వెలుతురును అనుమానించవలసి వస్తుందని నాకెప్పుడూ తోచలేదు.

2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు వచ్చాయి. చల్లపల్లి దగ్గర పల్లె నుంచి మా అక్కయ్యా, మామయ్యా కరకట్ట మీదుగా బస్సులో మా ఇంటికి వచ్చారు. మామయ్య అంటే మా అమ్మకు సాక్షాత్తూ తమ్ముడే. మా వంశంలో దేనికైనా కరువు వుందేమోగాని మేనరికాలకు మాత్రం లేదు.

వాళ్ల రెండోవాడు చంటికి అప్పుడు మూడేళ్లు. పగలు వాకిట్లోకి రమ్మంటే రాడు. కళ్లు చికిలించుకుని తల్లి కొంగులో మొహం దాచుకుంటాడు. “గారాబం చేసి పాడుచేశావు, అక్కయ్యా!” అని కేకలేసి, వాణ్ణి భుజాన వేసుకుని మిట్టమధ్యాహ్నం ఘాటుకు తీసుకుపోయాను. పైగా ఆనాడు మబ్బు పట్టి వుంది కూడాను. మర్నాటికి వాడి ముక్కూ బుగ్గలూ బొబ్బలెక్కాయి. ఆ బొబ్బలు మూడు వారాల దాకా మానలేదు.

అప్పటికే వాడి మొహం నిండా నల్లనల్లని చుక్కలు. “మంగు” అన్నారు అందరూ. నడివయసు ఆడవాళ్లకు వచ్చే మంగు పసివాడికేమిటని ఒక్కరికీ తట్టలేదు. తెలుగు మాటల అర్థాలు చెప్పి జీతం పుచ్చుకునే నాకూ తట్టలేదు. గ్రహణం నాడు అక్కయ్య కత్తిపీట ముట్టుకుందని పొరుగింటి అవ్వగారి తీర్పు. ఒక డాక్టరు పూత మందిచ్చాడు. ఆరేళ్లు ఆ పూతతోనే గడిచాయి. తొమ్మిదో యేట ముక్కు కొసన శనగగింజంత కాయ లేచింది. కోసి పరీక్షకు పంపితే రాచపుండు అని తేలింది. చర్మపు కేన్సరు, తొమ్మిదేళ్ల పిల్లవాడికి!

దీని పేరు గ్జీరోడెర్మా పిగ్మెంటోసమ్ అని అప్పుడు చెప్పారు. ఎండిన చర్మం, మచ్చలు అని అర్థం. 1874లోనే వియన్నాలో హెబ్రా, కపోసీ అనే వైద్యులు దీన్ని వర్ణించారు. కారణం మాత్రం 1968 దాకా తెలియలేదు. ఆ యేడు కాలిఫోర్నియాలో జేమ్స్ క్లీవర్ అనే ఆయన, ఈ జబ్బు వున్నవాళ్ల చర్మకణాలు తమ డి.ఎన్.ఏ.కు తగిలిన దెబ్బను బాగుచేసుకోలేవని చూపించాడు.

నాకు అర్థమైన తీరులో చెబుతాను. డి.ఎన్.ఏ. జంట ప్రతులున్న గ్రంథం. ఒకదానిలో ఒక అక్షరముంటే రెండోదానిలో దానికి జోడీ అక్షరం ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే, థైమీన్ అనే అక్షరాలు రెండు పక్కపక్కన వున్నచోట ఒకదానికొకటి అంటుకుపోతాయి, తాటాకు మీద సిరా అలుక్కుపోయినట్టు. మీకూ నాకూ కూడా ఎండలోకి వెళ్లినప్పుడల్లా ఇది జరుగుతూనే వుంటుంది. కాని మన కణాల్లో మంచి పరిష్కర్తలున్నారు. చెడినచోట సుమారు ముప్పయ్యక్షరాల ముక్క కత్తిరించి పారేసి, రెండో ప్రతిని చూసి తిరిగి రాస్తారు. ఈ కత్తిరింపు రహస్యం విప్పినందుకే తుర్కీలో ఒక చిన్న ఊరిలో పుట్టిన అజీజ్ సంజార్‌కు 2015లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. చంటి కణాల్లో ఆ పరిష్కర్త లేడు. తప్పులు పేరుకుంటాయి, కొన్ని కణాలు చస్తాయి, చావని వాటిలో ఏదో ఒకటి కేన్సరవుతుంది. ఇరవయ్యేళ్లలోపు ఇలాంటివాళ్లకు చర్మపు కేన్సరు ముప్పు మామూలువాళ్లకన్నా పదివేల రెట్లని లెక్క. వేడితో నిమిత్తం లేదు. పుష్యమాసపు ఎండైనా, మబ్బుచాటు ఎండైనా ఒకటే. ఆనాటి నా పుష్కరపుణ్యం ఎంతటిదో నాకిప్పుడు తెలుసు.

ఇక మేనరికం మాట. పరిష్కర్తను తయారుచేసే జన్యువు తల్లినుంచి వచ్చినదీ, తండ్రినుంచి వచ్చినదీ రెండూ చెడితేనే ఈ జబ్బు. ఒకటి బాగుంటే మనిషి నిక్షేపంగా వుంటాడు. మా అమ్మా మామయ్యా ఒక తల్లి బిడ్డలు. ఒకే చెడ్డ ప్రతి రెండు దారుల వెంట వచ్చి చంటిలో కలుసుకుంది.

మా అమ్మాయిని చంటి అన్న పెద్దవాడికిచ్చి చేయాలని అది ఉయ్యాలలో వున్ననాటి మాట. వాడు ఆరోగ్యంగానే వున్నాడు, బుద్ధిమంతుడు. డాక్టరుగారు కాగితం మీద లెక్క వేశారు: ఏ పరీక్షా చేయకుండా చూస్తే, వాళ్లకు పుట్టే ఒక్కొక్క బిడ్డకూ ముప్పు ఇరవైనాలుగింట ఒకటి. చంటిలో చెడిన జన్యువేదో తేలింది గనక, పిల్లలిద్దరికీ నెత్తురు పరీక్ష చేస్తే సంగతి తెలిసిపోతుందన్నారు.

ఈ మాట అక్కయ్యతో అనడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఆవిడ వంటింటి గడపమీద కూచుని వింది. “నా బిడ్డను చూసి భయపడ్డావురా తమ్ముడూ! నీ కూతురు నెత్తురు నువ్వు చూపించుకో. నా పెద్దాడి నెత్తురుతో నీకేం పని?” అంది. నా దగ్గర జవాబు లేదు. భయపడిన మాట నిజం.

పిల్లలు మాత్రం మమ్మల్నెవరినీ అడగలేదు. కిందటి వారం ఇద్దరూ వెళ్లి నెత్తురిచ్చి వచ్చారు. ఫలితం రావలసి వుంది. అక్కయ్యకు ఇంకా తెలియదు.

చంటికిప్పుడు పన్నెండేళ్లు. కిటికీలకు పొర అంటించిన గదిలో చదువుకుంటాడు, పొద్దు పూర్తిగా వాలాక కాలవగట్టు మీద సైకిలు తొక్కుతాడు. మొన్న నేను వెళితే, “మామయ్యా, 2028లో మళ్లీ పుష్కరాలటగా! రాత్రిపూట మునిగితే లెక్కలోకి వస్తుందా?” అని అడిగాడు. వస్తుందన్నాను. “అయితే ఈసారి కూడా నువ్వే తీసుకెళ్లాలి” అన్నాడు.