పాళీ ఎవరి చేతికి అలవాటవుతుంది?

మా ఇంట్లో నాన్నకొక పెన్ను ఉండేది. నల్లటి ఎబొనైట్ ఒళ్ళు, బంగారు రంగు పాళీ. రాజమండ్రిలో చేత్తో చేసిన రత్నం పెన్ను. పెళ్ళిలో మా తాతయ్య అల్లుడికి వాచీతో పాటు పెట్టిన కానుక. బీరువా పై అరలో ఎల్.ఐ.సి. కాగితాల పక్కన ఉండేది. మేం ముట్టుకోకూడదు. ‘‘పాళీ ఒక చేతికి అలవాటు పడుతుంది. ఇంకొకళ్ళు రాస్తే పాడైపోతుంది’’ అనేవారు నాన్న. ఆ పెన్నుతో ఆయన రాసినవి మాత్రం సంతకాలే. బ్యాంకు కాగితాల మీద కొన్ని, మా ప్రోగ్రెస్ రిపోర్టుల మీద కొన్ని. ఏడాదంతా లెక్కేసినా ఇరవై ఉంటాయో ఉండవో.

ఆ ఇంట్లో నిజంగా రాసే మనిషి అమ్మ. పాల లెక్క, ఇస్త్రీ బట్టల లెక్క, పిన్నులకీ అత్తలకీ ఇన్‌లాండ్ ఉత్తరాలు, నెలగంట పెట్టగానే వెయ్యాల్సిన చుక్కల ముగ్గులు, అమ్మమ్మ పాడుతుంటే విని రాసుకున్న మంగళహారతులు. అన్నీ ఒకే పుస్తకంలో. మా నోటుపుస్తకాల్లో ఏడాది చివర మిగిలిన తెల్లకాగితాలు తీసి, దారంతో కుట్టుకున్న పుస్తకం అది. ఇక రాయడానికంటారా, మేం పారేసిన పెన్సిల్ ముక్కలు, కాస్త ఇంకు మిగిలిన రీఫిళ్ళు. రీఫిల్ మొరాయిస్తే అరచేతుల మధ్య రుద్ది, వేడి చేసి రాయించేది. పదో తరగతితో చదువు ఆగిపోయిన అమ్మ అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని చుట్టాలందరూ చెప్పుకునేవారు. అయినా పెన్ను అల్లుడికే పెట్టాలని తాతయ్యకి తోచింది. అమ్మకి కుట్టుమిషను పెట్టారు.

ఆ పెన్ను వెనకాల ఇంత చరిత్ర ఉందని నాకు యూనివర్సిటీకి వెళ్ళాకే తెలిసింది. విదేశీ పెన్నులు రాజ్యమేలుతున్న రోజుల్లో కె.వి.రత్నం గారు స్వదేశీ పిలుపు అందుకుని రాజమండ్రిలో పెన్నులు చెయ్యటం మొదలుపెట్టారు. ఆ పెన్ను అందుకున్న గాంధీజీ మెచ్చుకుంటూ 1935లో ఉత్తరం రాశారు. చదివి గర్వపడ్డాను. మర్నాడు అమ్మకి ఫోన్ చేసి చెప్తే, ‘‘మా అమ్మమ్మ కూడా గాంధీగారి మాట విని రోజూ రాట్నం వడికేదే’’ అంది. వినటానికి ఎంత దగ్గరి మాటలు! అదే ఉద్యమం, అదే గోదావరి గట్టు. రాట్నం ఆవిడ చేతికి వచ్చింది. రత్నం ఆవిడ మనవరాలి మొగుడి జేబులోకి వెళ్ళింది.

నా పరిశోధన తొలితరం స్త్రీల పత్రికల మీద. 1902లో మొదలైన ‘హిందూసుందరి’, 1928లో మొదలైన ‘గృహలక్ష్మి’ లాంటివి. భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ కథ వచ్చింది 1902లో, ‘హిందూసుందరి’లోనే. ఆ పేజీలు తిరగేస్తున్నంతసేపూ నన్నొక ప్రశ్న వదిలేది కాదు. వీళ్ళంతా దేనితో రాశారు? ఇంట్లో ఉన్న ఒక్క సిరాబుడ్డీ ఎవరి బల్ల మీద ఉండేది? అందరూ పడుకున్నాక తెచ్చుకుని, తెల్లవారకుండా మళ్ళీ అక్కడ పెట్టేసేవారా? అచ్చులో అక్షరాలన్నీ ఒకేలా ఉంటాయి, రాసిన చేతులు కనబడవు. ఈ ప్రశ్న గురించి ఒక చిన్న ప్రకరణం రాస్తానంటే మా గైడ్ నవ్వి, ‘‘అమ్మా, నీది సాహిత్య పరిశోధన, స్టేషనరీ పరిశోధన కాదు’’ అన్నారు. నేనూ నవ్వేసి ఊరుకున్నాను. ఎందుకు నవ్వానా అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

నాలుగేళ్ళు సిద్ధాంత గ్రంథమంతా కంప్యూటర్ మీదే కొట్టాను. డాక్టరేట్ వచ్చేసరికి కుడి మణికట్టు నొప్పి కూడా వచ్చింది. అంతకంటే బాధ, ఖాళీ తెర ముందు కూర్చుంటే నా మాట నాకు రాకపోవటం. ఏ వాక్యం మొదలుపెట్టినా ఎవరో పరీక్షాధికారి చదువుతున్నట్టు ఉండేది. అప్పుడు మళ్ళీ చేత్తో రాయటం మొదలుపెట్టాను. రాయటంతోపాటు చిన్నప్పుడు వదిలేసిన బొమ్మలు కూడా. లైబ్రరీలో పాత పత్రికల ముందు పెన్సిల్ తప్ప ఇంకేదీ పట్టుకోనివ్వరు. ఆ ప్రకటనల్లోని తలనూనె సీసాలు, సబ్బుబిళ్ళలు, జాకెట్టు చేతుల కుచ్చులు పెన్సిల్‌తో గీసుకొచ్చి, ఇంటి దగ్గర సిరాతో మళ్ళీ గీసేదాన్ని. దానికి బాల్‌పెన్ను పనికిరాలేదు. నొక్కితే కానీ పలకదది. నా మణికట్టు ఇక నొక్కలేదు.

అలా ఫౌంటెన్ పెన్ను కోసం కోఠీలో ఒక దుకాణానికి వెళ్ళాను. ‘‘సార్‌కి గిఫ్టా మేడమ్?’’ అన్నాడతను. నాకే అన్నాను. వెంటనే వెల్వెట్ పెట్టెలు వెనక్కి వెళ్ళి, సన్నటి గులాబీరంగు పెన్ను ఒకటి ముందుకొచ్చింది, మూత మీద మెరిసే రాయితో. అడ్డాల కింద అట్టపెట్టెలో కుప్పగా పడి ఉన్నవి చూపించమన్నాను. ‘‘అవి చీప్ మేడమ్’’ అన్నాడు, నా మంచి కోరుతున్నట్టు. ఆ రోజు ఆ కుప్పలోంచి రెండు కొన్నాను. మూడోది తర్వాత తెప్పించుకున్నాను. మూడూ కలిపి వెయ్యి రూపాయలు దాటలేదు.

మొదటిది చైనావాళ్ళ హీరో. పాళీ దాదాపు మొత్తం ముసుగేసుకున్నట్టు లోపలికి ఉంటుంది. రబ్బరు తిత్తిని నొక్కి వదిలితే సిరా పీల్చుకుంటుంది. సన్నగా రాస్తుంది. మన లిపికి ఆ సన్నదనం ఎంత అవసరమో రాస్తే కానీ తెలియలేదు. తాటాకు మీద గంటంతో సూటిగీతలు గీస్తే ఆకు చీలుతుందని, అందుకే మన అక్షరాలు గుండ్రం తిరిగాయని చెప్తారు. ఆ గుండ్రాలు లావు పాళీతో రాస్తే పూడుకుపోతాయి. ‘ఘ’కీ ‘ఝ’కీ పొట్టలు నిండిపోతాయి, వత్తులు మచ్చలవుతాయి. ఐరోపా పెన్నుల మీద ‘ఫైన్’ అని ఉన్నది చైనా, జపాన్ ‘ఫైన్’ కంటే లావుగా రాస్తుంది. వాళ్ళ అక్షరాల్లో గీతలెక్కువ కాబట్టి పాళీ సన్నం చేసుకున్నారు. మనకీ అదే నప్పుతుంది. మూడోసారి తెప్పించుకున్న జపాన్ ప్లాటినం ప్రెప్పీ కూడా అందుకే కొన్నాను. దాని మూతలో ఉన్న ఏర్పాటు వల్ల వారాల తరబడి ముట్టుకోకపోయినా సిరా ఎండిపోదు. సంసారంలో ఉండి రాసుకునే మనకి అదేం చిన్న సుగుణం కాదు.

రెండోది మన దేశంలోనే చేసిన ఎబొనైట్ పెన్ను. గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరే ఎబొనైట్. పట్టుకుంటే చల్లగా ఉండదు, మనిషి చెయ్యి పట్టుకున్నట్టే ఉంటుంది. తిత్తీ గిత్తీ ఉండవు. డ్రాపర్‌తో ఒళ్ళంతా సిరా నింపుకోవటమే. ఒక ప్రకరణం పూర్తయ్యేదాకా చూసుకోనక్కర్లేదు. కానీ సిరా పావు వంతుకి దిగాక చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి చుక్కలు కక్కుతుంది. ఈ సంగతి ఒక వ్యాసం శుభ్రప్రతి మీద పెద్ద మచ్చ పడ్డాక నేర్చుకున్నాను. సగానికి తగ్గగానే మళ్ళీ నింపితే ఆ గొడవ ఉండదు. బొమ్మలకి దీన్ని మించింది లేదు. పాళీని బోర్లా తిప్పి పట్టుకుంటే వెంట్రుకంత గీత వస్తుంది. మామూలుగా పడుకోబెట్టి గీస్తే ముదురు గీత. ఈ మధ్య కొన పైకి వంచిన పాళీలు కూడా చవగ్గా దొరుకుతున్నాయి. నిలబెడితే సన్నం, వాల్చితే కుంచె అంత లావు.

కొనేముందు చూసుకోవాల్సినవి కూడా తక్కువే. పాళీని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడాలి. మధ్య చీలిక తిన్నగా ఉండాలి, రెండు కొనలూ ఎగుడుదిగుడు లేకుండా కలవాలి. నొక్కకుండా, పెన్ను బరువుకే కాగితం మీద గీత పడాలి. ఇంతే. ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానంటే, ఇవేవీ నాకు ఇంట్లో ఎవరూ చెప్పలేదు. తమ్ముడికి చెప్పారు.

ఖరీదైన పెన్ను ఎందుకు కొనుక్కోలేదని స్నేహితులు అడుగుతారు. ఒకసారి కాన్ఫరెన్సులో బహుమతిగా మంచి పెన్ను ఇచ్చారు. దాంతో కొట్టివేతలు రాయబుద్ధి కాలేదు. పిచ్చిగీతలు గీయబుద్ధి కాలేదు. చివరికి అదీ బీరువాలోకే వెళ్ళింది, నాన్న పెన్నులాగే. చవక పెన్ను కూరల సంచీలో పడి ఉంటుంది. బస్సులో తీస్తాను, కుక్కర్ కూతల మధ్య తీస్తాను. తప్పులు రాయటానికి భయపెట్టదు.

నాన్న పోయాక అమ్మ నా దగ్గరికొచ్చింది. ఓ రోజు నేను గీస్తుంటే పక్కనే కూర్చుని, ‘‘ఒకసారి ఇలా ఇవ్వవే’’ అంది. హీరో ఇచ్చాను. బాల్‌పెన్ను అలవాటుతో ఎంత గట్టిగా నొక్కిందంటే పాళీ రెండు కొనలూ విచ్చుకున్నాయి. ‘‘అయ్యో, పాడు చేశానే!’’ అని వెంటనే చెయ్యి వెనక్కి తీసుకుంది. నూట ఇరవై రూపాయల పెన్నమ్మా, ఏం కాదు, నొక్కకుండా రాయి అన్నాను. వారానికల్లా అమ్మ చెయ్యి తేలికపడింది. పాత కుట్టుపుస్తకం జీర్ణమైపోయిందని కొత్త నోటుపుస్తకంలోకి అన్నీ ఎక్కించటం మొదలుపెట్టింది. ముగ్గులు, హారతులు అన్నీ. పెన్సిల్ రాతలు చెరిగిపోయిన చోట గుర్తు తెచ్చుకుని, అమ్మమ్మ గొంతులో కూనిరాగం తీసి, రాసేది. అక్షరం పోల్చలేనంత పాడైన కాగితాలు ఎక్కించగానే చింపేసేది.

పెన్నుల గురించి అన్ని సంగతులు చూసిన నేను సిరా గురించి ఆలోచించలేదు. అందమైన నీలం కదాని కడిగితే పోయే రకం తెచ్చాను. ఒక మధ్యాహ్నం పుస్తకం మీద మంచినీళ్ళ గ్లాసు ఒలికింది. ఎనిమిది పేజీలు లేత నీలం మరకలై మిగిలాయి. నేను ఏడుస్తుంటే, ‘‘ముగ్గులే కదే, రోజూ తుడిచి మళ్ళీ వేసేవే’’ అంది అమ్మ. ముగ్గులన్నీ మళ్ళీ వేసింది కూడా. కానీ ఒక హారతిలో మూడో చరణం ఎంత ప్రయత్నించినా రాలేదు. పిన్నులకి ఫోన్లు చేసింది. ఒకరికి పల్లవి గుర్తుంది, ఒకరికి చివరి చరణం గుర్తుంది. ఆ మూడోది అమ్మమ్మకి తెలుసు. అమ్మమ్మ లేదు. వందేళ్ళనాటి ఆడవాళ్ళ రాతలు ఎలా పోయాయని పేజీలకి పేజీలు రాసిన నేను, నా ఇంట్లోనే నా చేతులతో ఒకటి పోగొట్టాను.

తర్వాత నేర్చుకున్నాను. మామూలు సిరాల్లో రంగు నీళ్ళలో కరిగి ఉంటుంది, తడి తగిలితే కదిలిపోతుంది. కార్బన్ సిరాల్లో కరగని సన్నటి రేణువులుంటాయి. ఆరితే నీళ్ళకి చెదరవు. ప్లాటినం కార్బన్ బ్లాక్ అలాంటిదే. పెన్ను ఖరీదు కంటే సీసా ఖరీదే ఎక్కువ, అయినా కొన్నాను. అయితే పాళీ కింద ఉండే నాలికలో అది ఎండిపోతే పట్టేస్తుంది. వాడకుండా పెట్టెయ్యకూడదు, తరచూ నీళ్ళతో కడగాలి. లక్క కలిసే ఇండియన్ ఇంకు మాత్రం ఫౌంటెన్ పెన్నులో పొయ్యనే కూడదు. ఇప్పుడు మా ఇంట్లో చీటీలకి ఏ సిరా అయినా ఫరవాలేదు, అమ్మ పుస్తకానికి మాత్రం కార్బన్ సిరా. ఆ హారతి దగ్గర అమ్మ నాలుగు గీతలు ఖాళీగా వదిలిపెట్టింది.

ఈ సంక్రాంతికి బీరువా సర్దుతుంటే నాన్న పెన్ను బయటపడింది. మూత రావటమే కష్టమైంది. లోపల సిరా గడ్డకట్టి ఉంది. గోరువెచ్చని నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, కడిగి, నింపి రాసి చూశాను. భూతద్దంలో చూస్తే పాళీ కొన ఎక్కడా అరగలేదు. కొనకి గట్టి లోహం అతుకుతారు, అది అరిగి ఒక చేతి వాలుకి రావాలంటే ఏళ్ళ తరబడి రోజూ రాయాలి. నాన్న చెప్పిన మాట అబద్ధమేం కాదు, కానీ ఆయన పాళీ విషయంలో అది జరగనేలేదు. అమ్మకిచ్చి రాయమన్నాను. అటూ ఇటూ తిప్పి చూసి, ‘‘బరువుగా ఉందే. నువ్వే ఉంచుకో’’ అని ఇచ్చేసింది.

మొన్న తొందరలో ఏదో నంబరు రాసుకోవటానికి అమ్మ హీరో తీసుకున్నాను. గరగరమంది. రెండేళ్ళుగా రోజూ రాసి రాసి పాళీ అమ్మ చేతి వాలుకి తిరిగిపోయింది. నేను గట్టిగా నొక్కబోయేసరికి వంటింట్లోంచి అమ్మ గబగబా వచ్చింది.

‘‘అది నీ చేతికి రాదు. పాళీ పాడైపోతుంది, ఇలా ఇచ్చెయ్’’ అంది.

ఇచ్చేశాను.