రెండు రెక్కల పుస్తకం

పుస్తకాన్ని ఏ వైపు నుంచి తెరవాలి? చాలా ఊళ్ళలో ఈ ప్రశ్నే పుట్టదు. హైదరాబాద్ పాతబస్తీలో మాత్రం ఆరేళ్ళ పిల్లకి దీనికి రెండు జవాబులు తెలుసు. అరబీ ఖాయిదా కుడి నుంచి, తెలుగు వాచకం ఎడమ నుంచి. ఇంట్లో మాట్లాడేది దక్కనీ, బళ్ళో బోర్డు మీద ఇంగ్లీషు, బస్సు మీద ఊరి పేరు తెలుగులో. శాలిబండలోనో, యాకుత్‌పురాలోనో, హుస్సేనీ ఆలంలోనో పాఠం చెప్పే టీచరమ్మకి ఒకే చాప మీద ఇన్ని లిపుల పిల్లలు కూర్చుని కనిపిస్తారు. వాళ్ళందరికీ ఒకేసారి చదివి వినిపించగల పుస్తకం ఏది?

బొమ్మల పుస్తకం. దాని మీద అలాంటి టీచర్లకున్న ప్రేమ ముచ్చట కోసం పుట్టింది కాదు, అవసరంలోంచి పుట్టింది.

ఉర్దూను తెలంగాణ 2017లో రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా గుర్తించింది. మరుసటి ఏడాదే బళ్ళలో తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. చట్టం ఒక్క రోజులో వచ్చేస్తుంది. ‘ళ’కూ ‘ల’కూ తేడా పట్టుకోవడానికి ఓ పిల్లవాడికి ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళలో వాడి ముందు ఒత్తులూ గుణింతాలూ తప్ప ఇంకేమీ పెట్టకపోతే తెలుగంటే వాడికి తప్పులు దిద్దించుకునే చోటుగానే మిగిలిపోతుంది. కథ వినడానికి అక్షరాలన్నీ వచ్చేదాకా ఎందుకు ఆగాలి?

ప్యాట్ హచిన్స్ అనే ఇంగ్లీషు రచయిత్రి 1968లో చేసిన ‘రోజీస్ వాక్’లో మొత్తం మాటలు 32. రోజీ అనే కోడిపెట్ట పెరడంతా తిరిగి గూటికి చేరుతుంది, అంతే కథ. కానీ ప్రతి బొమ్మలోనూ దాని వెనకాలే ఒక నక్క పొంచి ఉంటుంది. మాటల్లో ఎక్కడా నక్క ఊసే లేదు. టీచరు గంభీరంగా కోడి కథ చదువుకుంటూ పోతే నక్క సంగతి చెప్పాల్సింది పిల్లలే. ఇలాంటి పుస్తకం ముందు భాష రాని పిల్లవాడు వెనకబడిపోడు. ‘లోమ్డీ, లోమ్డీ’ అని ముందు అరిచేది వాడే కావచ్చు. టీచరు దాన్ని అందుకుని ‘అవును, నక్క’ అంటే చాలు. వాడికి ఒక తెలుగు మాట వచ్చేసింది, ఎవరూ పాఠం చెప్పకుండానే.

బొమ్మల పుస్తకం చదవడం టీచరుకూ ఒక విద్యే. పేజీ పిల్లల వైపు తిప్పి పట్టుకుని, పక్క నుంచి మెడ వంచి చదవాలి. తిప్పే ముందు ఆగాలి. ‘ఇప్పుడేమవుతుంది?’ అనే ప్రశ్న ఆ ఆగడంలోనే ఉంది. వెనక వరస వాళ్ళు మోకాళ్ళ మీద లేస్తే కథ బాగా నడుస్తోందన్నమాట.

ఇక్కడే ఇంకో సంగతి. బొమ్మ కూడా ఒక వైపుకి నడుస్తుంది. తెలుగు పుస్తకంలో పరిగెత్తే పిల్లి ఎడమ నుంచి కుడికి పోతుంది. అదే బొమ్మను ఉర్దూ పుస్తకంలో అలాగే పెడితే పిల్లి కథకు ఎదురు పరిగెత్తినట్టుంటుంది. జపాన్ బొమ్మల కథలకు అమెరికాలో మొదట్లో ఇదే చిక్కు వచ్చింది. అద్దంలో చూసినట్టు పేజీలు తిరగేసి అచ్చేస్తే కుడిచేతి వీరులంతా ఎడమచేతి వాటం వాళ్ళయిపోయారు. తర్వాత తర్వాత ప్రచురణకర్తలు అసలు పుస్తకాన్ని ఉన్నదున్నట్టు కుడి నుంచే చదవమన్నారు. అమెరికా పాఠకులు కొత్తగా నేర్చుకున్న ఆ విద్య పాతబస్తీ పిల్లలకు పుట్టుకతో వచ్చినట్టే. దాన్ని లెక్కలోకి తీసుకుని మెచ్చుకునే బడి ఉండాలి.

బొమ్మల కథ బడికి పరాయిది కూడా కాదు. జెనీవాలో బాలుర వసతి బడి నడిపిన రొడాల్ఫ్ టోప్‌ఫెర్ కంటి జబ్బు వల్ల చిత్రకారుడు కాలేకపోయాడు. 1827 నుంచి విద్యార్థుల సరదా కోసం గడుల్లో బొమ్మలు గీసి కింద మాటలు రాశాడు. వాటిని చూసి జర్మన్ మహాకవి, ముసలి గెటే మెచ్చుకున్నాడు. ఈనాటి కామిక్స్‌కు మూలపురుషుడని చాలామంది చెప్పేది ఈ పంతులునే. మన కాలంలో కాలిఫోర్నియాలో జీన్ లూయెన్ యాంగ్ హైస్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెబుతూనే 2006లో ‘అమెరికన్ బార్న్ చైనీస్’ గీశాడు. తాను చెప్పే లెక్కల క్లాసుకు రాలేని రోజుల్లో పాఠాన్ని బొమ్మల కథగా గీసి పంపితే, పిల్లలకు ఆయన మాట కన్నా అదే నచ్చింది. అర్థం కాని గడి దగ్గరికి వెనక్కి వెళ్ళి మళ్ళీ చూసుకోవచ్చు కదా.

అయితే ఏ పుస్తకం? హైదరాబాద్‌లోనే ఉన్న అన్వేషి మహిళా పరిశోధన కేంద్రం ఈ ప్రశ్నతో చాలా దూరం వెళ్ళింది. పిల్లల పుస్తకాల్లో ఎవరి ఇళ్ళు ఉన్నాయి, ఎవరివి లేవు అని వెతికి, 2008లో ‘డిఫరెంట్ టేల్స్’ అనే ఎనిమిది బొమ్మల పుస్తకాల వరసకు రూపం ఇచ్చింది. తెలుగు, మలయాళం, ఇంగ్లీషుల్లో వచ్చాయి. గోగు శ్యామల, జూపాక సుభద్ర, మహమ్మద్ ఖదీర్‌బాబు రాసిన కథలు వాటిలో ఉన్నాయి. ఖదీర్‌బాబు పుస్తకం పేరు ‘తలకాయ కూర’. వాచకాల్లో పప్పూ అన్నమే చూసిన పిల్ల ఆ అట్ట చూస్తే ఏమంటుందో ఊహించడం కష్టం కాదు. తన ఇంటి పొయ్యి మీద ఉడికేది పుస్తకం పేరు కూడా కాగలదని తెలియడం చిన్న సంగతి కాదు. ఆ వరస ప్రతి బళ్ళోనూ ఉండాల్సింది.

పెద్ద తరగతుల కోసం జై ఉండుర్తి రాసి, హర్షో మోహన్ ఛట్టోరాజ్ గీసిన ‘హైదరాబాద్: ఎ గ్రాఫిక్ నావెల్’ ఉంది. తాము నడిచే ఊరు గడుల్లోకి రావడం హైస్కూలు పిల్లలకు తెలియాలి.

డబ్బు మాటకొస్తే, ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో బొమ్మల పుస్తకాలు ఉచితం. ఒకే కథ తెలుగులోనూ ఉర్దూలోనూ దొరుకుతుంది. దొరక్కపోతే టీచరే అనువదించి పెట్టొచ్చు, అనుమతి అడగక్కర్లేదు. తార్నాక మంచి పుస్తకం వాళ్ళు తక్కువ ధరకు పిల్లల పుస్తకాలు వేస్తున్నారు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ ఎలాగూ ఉంది. అట్టలు నలిగిన బొమ్మల పుస్తకాలు అక్కడ కుప్పల్లో దొరుకుతాయి, వెతికే ఓపిక ఉండాలి.

ఒకే కథ రెండు భాషల్లో దొరికినప్పుడు చాప మీద పక్కపక్కనే పెట్టి చూడండి. ఎడమన తెలుగు, కుడిన ఉర్దూ. రెండు అట్టల అంచులూ మధ్యలో కలుస్తాయి. ఇద్దరు పిల్లలు చెరో అట్ట పట్టుకుని ఒకేసారి తెరిస్తే, పాత హవేలీ తలుపు రెక్కల్లా అవి చెరో వైపుకి తెరుచుకుంటాయి.