వద్దన్నా చెరిగిన బిల్లు

చెన్నైలో లజ్ కూడలి దగ్గర సందులో, మేడ మీద ఒక్క గది. మా మేనల్లుడు అక్కడే పని నేర్చుకుంటున్నాడు. "మా గురువుగారి పని ఒకసారి చూడు మామయ్యా" అని నెల నుంచీ పోరుతుంటే వెళ్లాను. ఆయనది నెల్లూరు. మందుల షాపులకు బిల్లింగ్ ప్రోగ్రాములు రాసిస్తారు. ఆ రోజు, తెర మీద విండోలూ బటన్లూ చూపించే జీటీకే అనే లైబ్రరీ 3వ వెర్షన్‌లో ఉన్న పాత ప్రోగ్రామును జీటీకే 4కి మారుస్తున్నారు.

ఆయన వేలు ఒక్క లైను దగ్గర ఆగింది. "ఈ బిల్లు చెరిపేయనా?" అని అడిగే చోటది. పాత పద్ధతిలో జవాబు వచ్చేదాకా ప్రోగ్రాము ఆ లైను దాటేది కాదు. 2020 డిసెంబరులో వచ్చిన జీటీకే 4లో ఆ సౌకర్యం తీసేశారు. ఇప్పుడు ప్రశ్న చూపించి ముందుకు పోతుంది, జవాబు తర్వాతెప్పుడో వేరే ఫంక్షన్‌కి అందుతుంది. మావాడు పైలైను మార్చి కిందివి అలాగే వదిలేశాడు. నొక్కి చూపించారు. ప్రశ్న తెర మీదికి వచ్చేసరికే బిల్లు మాయం. "వద్దు" అన్నా వినేవాళ్లు లేరు. నా గుండె గుభేలుమంది.

ఆయన కోప్పడలేదు. చెరిపే లైన్లు తీసి జవాబు అందుకునే ఫంక్షన్‌లో పెట్టారు. అంతటితో సరి అనుకున్నాను. "ఏ బిల్లో అడిగినప్పుడే రాసి పెట్టుకో అబ్బాయ్, జవాబొచ్చాక వెతక్కు" అంటూ బిల్లు నంబరును ప్రశ్నతోనే కట్టేశారు. ఈలోగా ఇంకో కౌంటరులో బిల్లు పడి జాబితా జరిగితే, ఒకదానికి చెప్పిన అవును పక్కదాని మీద పడుతుంది!

"పాత పద్ధతే నయం కదండీ?" అన్నాను. ఒప్పుకోలేదు. పైకి ఆగినట్టుండేదే గానీ లోపల ఇంకో ఈవెంట్ లూప్ తిరిగేదట. టైమర్లు నడిచేవి, జవాబొచ్చేలోగా అసలు విండోయే మూతపడొచ్చు. అలాంటిదే ఇంకో లైబ్రరీ క్యూటీ, వాళ్లూ ఇలా ఆగే ఎగ్జెక్ ఫంక్షన్ వదిలి, ఆగని ఓపెన్ వాడమనేది అందుకే.

"వద్దు"ని ఎన్ని రకాలుగా చెప్పొచ్చో అన్నీ నొక్కి చూడమని మావాడికి అప్పగించి, నన్ను నాగేశ్వరరావు పార్కుకు తీసుకెళ్లారు. నడుస్తూ అసలు బాధ చెప్పారు. ఎన్ని స్క్రీన్లు మారాయన్నదే లెక్క, "వద్దు"ని పరీక్షించడానికి ఎవరూ రూపాయి ఇవ్వరు. నాకు నా రైలు టికెట్టు గుర్తొచ్చింది. "రద్దు చేయాలా?" అన్న ప్రశ్న కింద "సరే", "రద్దు" అని రెండు బటన్లు. వద్దనుకుని "రద్దు" నొక్కాలా, ఇంకేమైనా చేయాలా? తప్పు నొక్కాను, ప్రయాణం పోయింది. అవతలివాడి చేతిలో ఏముందో తెలిసినవాడే ప్రశ్న రాయాలి. అలాంటివాళ్లు తగ్గిపోతున్నారు. ఈయన బటన్ల మీద "బిల్లు చెరుపు", "ఉంచు" అని రాశారు.

తిరిగొచ్చేసరికి మావాడి ముఖం పాలిపోయి ఉంది. "ఎస్కేప్ నొక్కితే పోతోందండీ."

చూస్తే, "ఉంచు" కానిదల్లా అవునని రాసి ఉంది.

"రాసింది నేనే" అన్నారు గురువుగారు, కుర్చీ లాక్కుంటూ.