చెవితో చదివిన పుస్తకాలు

ఈ ఏడాది మా ఇంట చదివిన నవలల్లో సగానికి పైగా విన్నవే. షార్జా నుంచి దుబాయికి వెళ్లే ఇత్తిహాద్ రోడ్డు మీద, ఉదయం గంట, సాయంత్రం గంటన్నర, కదలని వాహనాల వరుసలో కూర్చునేవారికి పుస్తకం తెరిచే చేయి ఖాళీ ఉండదు. చెవి మాత్రం ఖాళీగానే ఉంటుంది. దాసుభాషితం వంటి వేదికలలోను, యూట్యూబులోను ఇప్పుడు తెలుగు నవలలు శ్రవణరూపంలో దొరుకుతున్నాయి. విన్నదానిని చదివినట్లు లెక్కవేయవచ్చునా అని మిత్రులు కొందరు వాదిస్తారు. పురాణ కాలక్షేపాలు, హరికథలు విని పెరిగిన జాతికి ఈ సందేహం రావడమే వింత. నవవిధ భక్తులలో మొదటిది శ్రవణమే కదా!

అయితే మా ఇంట ఈ ప్రశ్నకు వేరొక ముఖం ఉన్నది. మా పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడతారు, చదవలేరు. పైగా ఇంట్లో వారు వినే తెలుగు ఏపాటిది? లే, తిను, త్వరగా రా, ఫోను పెట్టేయి. ఒక భాషలో ఆజ్ఞలు మాత్రమే విన్న పిల్లవాడికి ఆ భాష మీద ప్రేమ ఎక్కడనుంచి వస్తుంది? ఆజ్ఞ కాని తెలుగు వాక్యం వారి చెవిన పడాలన్న కోరికతోనే మేము ఈ నవలలు పెట్టసాగాము.

మొదట మోగినది మొక్కపాటి నరసింహశాస్త్రి గారి బారిష్టర్ పార్వతీశం. 1924లో తొలి భాగం వెలువడిన ఈ నవలకు నూరేళ్లు నిండాయి. మొగల్తూరు కుర్రవాడు ఇంట చెప్పకుండా సీమకు బయలుదేరి, దొరల టోపీ అనుకొని ఆడవారి టోపీ కొని నెత్తిన పెట్టుకొనే ఘట్టం వచ్చేసరికి వెనుక సీటులో నవ్వు ఆగలేదు. పార్వతీశం తన కథను తానే, పరమ గంభీరంగా చెప్పుకొంటాడు. హాస్యమంతా ఆ గాంభీర్యంలోనే ఉన్నది. కనుక చదివేవారు గొంతు మార్చి నవ్వించబోతే రసం పోతుంది. సీమనుంచి తిరిగివచ్చిన తరువాతి భాగంలో మొదటి భాగపు చురుకు లేదని మా అభిప్రాయం. విమానాశ్రయం బస్టాండంత అలవాటైన మా చిన్నవాడు మాత్రం ఒక మాట అడిగాడు: “తాతగారు మొదటిసారి దుబాయి వచ్చినప్పుడు కూడా ఇలాగే చేశారా?” తాతగారు కదిలే మెట్ల ముందు చెప్పులు విడవబోయిన సంగతి అప్పుడు చెప్పక తప్పలేదు.

యద్దనపూడి సులోచనారాణి గారి సెక్రటరీ మా అమ్మల తరాన్ని ఉర్రూతలూపిన నవల. జయంతి, రాజశేఖరం ఒకరినొకరు అపార్థం చేసుకొంటూ పుటలు గడుపుతుంటే మా పెద్దమ్మాయి విసుగెత్తి, “ఆయన నేరుగా చెప్పేయవచ్చు కదా?” అన్నది. చెప్పేస్తే నవల ఏముంటుంది? ఉద్యోగం చేసే ఆడపిల్ల ఆత్మగౌరవం అనే విషయం మాత్రం నేటికీ చెక్కుచెదరలేదు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ మాకు ఇష్టుడే. అయితే నేరపరిశోధన వినేటప్పుడు రహదారి మీద దృష్టి నిలవదు. అది కంటితో చదువుకోవలసినదే.

ఇక అసలు సంగతికి వస్తాము. మా పిల్లల తాతగారు తెనాలిలో ఉంటారు. వాట్సాపులో నేరుగా మాట్లాడే సౌకర్యం ఈ దేశంలో లేదు. స్వరసందేశాలు మాత్రం నిక్షేపంగా అందుతాయి. మనుమరాలు తెలుగు నవలలు వింటున్నదని తెలిసి ఆయన స్వయంగా విశ్వనాథ సత్యనారాయణ గారి వేయిపడగలు చదివి పంపడం ఆరంభించారు. ఒక్కొక్క సందేశం ఆరేడు నిమిషాలు. మధ్యలో దగ్గు, కుక్కరు ఈల, కోకిల కూత, పాలవాడి కేక. కఠినపదం వస్తే ఆగి, అర్థం చెప్పి, “విన్నావా తల్లీ” అని మళ్లీ అందుకొంటారు. ఏ వేదికలోనూ దొరకని ప్రతి ఇది.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో అడివి బాపిరాజు గారి నారాయణరావుతో పాటు బహుమతిని పంచుకొన్న నవల ఇది, పి.వి. నరసింహారావు గారు దీనిని సహస్రఫణ్ పేరిట హిందీలోకి అనువదించారు. ఇంతటి నవలతో మాకు పేచీ లేకపోలేదు. సుబ్బన్నపేటలో పాత వ్యవస్థ కూలిపోవడాన్ని ధర్మారావు కన్నులతో చూస్తే అంతా నష్టంగానే తోస్తుంది. ఆ కూలిన గోడల అవతల నిలబడినవారికి కొంత వెలుతురు కూడా కనిపించి ఉంటుంది కదా! ఆడవారి చదువు గురించి నవల ధోరణి మాకు అసలే రుచించలేదు. ఆ మాట తాతగారికి తెలియజేస్తే మరునాడు వచ్చిన సందేశంలో నవల ఒక్క వాక్యం లేదు. పది నిమిషాలు మాకు సమాధానమే. మేము ఒప్పుకోలేదు. ఆయనా ఒప్పుకోలేదు. ఆ మరునాడు కథ యథాప్రకారం సాగింది.

కానీ ఆ వాక్యం! అచ్చులో చూస్తే గుక్కతిప్పుకోనివ్వని పొడుగాటి వాక్యం, ఆయన కంఠంలో ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, ఎక్కడ లేవాలో అక్కడ లేస్తుంది. పసిరిక మాటలు వచ్చినప్పుడు చిన్నవాడు ఆట మాని దగ్గరకు వస్తాడు. గిరిక గురించి చదివేటప్పుడు తాతగారి గొంతే మారుతుంది.

ఆయనకు ఎనభై ఒకటి. నవల ఎనిమిది వందల పుటలు దాటింది. ఈ లెక్క మేము పైకి వేయము. కంటిశుక్లానికి శస్త్రచికిత్స జరిగినప్పుడు మూడు వారాలు సందేశాలు రాలేదు. ఆ రోజుల్లో పెద్దమ్మాయి పాతవన్నీ వరుససంఖ్యలు వేసి, మరొక చోట కూడా భద్రపరచింది. ఎందుకని మేము అడగలేదు.

కంటితో చదివిన వాటిలో మమ్మల్ని విడిచిపెట్టనిది డాక్టర్ కేశవరెడ్డి గారి అతడు అడవిని జయించాడు. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేసిన రచయిత ఆయన. ఈనడానికి సిద్ధంగా ఉన్న పంది ఒకటి మందతో తిరిగి రాలేదు. ముసలివాడు ఈటె పట్టుకొని దానిని వెదుకుతూ అడవిలోకి పోతాడు. కథ ఇంతే. హెమింగ్వే రాసిన ముసలి జాలరి కథతో దీనిని పోల్చడం పరిపాటి. ఆ పోలిక కొంతవరకే నిలుస్తుందని మాకు తోచింది. జాలరికి సముద్రంతో ఒక పంతం ఉన్నది. ఈ ముసలివాడికి పంతం కాదు, పంది బతకడమే తన బతుకు. అక్కడక్కడ ముసలివాడి ఆలోచనలలో రచయిత గొంతు వినిపిస్తుంది, అది ఒక్కటే లోపం. ముగింపు చెప్పము.

ఆ నవలను జూలై ఎండల్లో, బయట అడుగుపెట్టలేని రాత్రులలో, మేమే గట్టిగా చదివి పిల్లలకు వినిపించాము. “అడవిలో ఏ చెట్లుంటాయి?” అని చిన్నవాడు అడిగితే చూపించడానికి ఇసుకలో ఏమున్నది? ఒక్కటి ఉన్నది. ఈ దేశపు జాతీయవృక్షమైన ఘాఫ్ మన జమ్మిచెట్టే. దసరాకు ఆకు పంచుకొనే జమ్మి, పాండవులు ఆయుధాలు దాచిన జమ్మి. దాని కిందనే రెండు అధ్యాయాలు చదివాము.

బెన్యామిన్ మలయాళ నవల ఆడుజీవితం, ఆంగ్లంలో గోట్ డేస్, మేము పెద్దలం మాత్రమే చదివాము. గల్ఫుకు వచ్చి, సౌదీ ఎడారిలో మేకల మధ్య చిక్కుబడిన నజీబు కథ అది. చల్లని గదిలో కూర్చొని చదువుతూ సిగ్గుపడ్డాము. పండుగనాడు మన గుడి వరుసలో మన ముందు నిలబడే జగిత్యాల, సిరిసిల్ల సోదరుల మాటలో, వారి యాసలో, ఇంతటి నవలను వినాలని మా కోరిక.

షార్జాలో నవంబరులో జరిగే పుస్తక ప్రదర్శనలో మలయాళ పుస్తకాల ముందు జనం చూస్తే మాకు అసూయ కలుగుతుంది. మన పుస్తకం ఇంకా విజయవాడ నుంచి పెట్టెలోనే రావాలి. ముప్పై కిలోల పరిమితిలో ఆవకాయ జాడీకి, నవలలకు ప్రతి వేసవీ తగవే. క్రిందటిసారి నవలలు గెలిచాయి. ఇంట ఆరు నెలలు ఆ మాట పడ్డాము.

వినికిడి అక్షరం నేర్పదు, నిజమే. అయితే ళకారం, ణకారం పలకడం పెద్దమ్మాయికి తాతగారి గొంతునుంచే పట్టుబడింది. ఇప్పుడు వేయిపడగలు అచ్చుప్రతి ఒళ్లో పెట్టుకొని, ఆయన చదువుతుంటే వేలితో గీతవెంట నడుస్తున్నది. తరచు తప్పిపోతుంది. సందేశాన్ని వెనుకకు తిప్పి మళ్లీ వెదుక్కొంటుంది. మొన్న, ఆయన ఒక పంక్తి దాటవేశారని పట్టుకొన్నది. ఆ సంగతి తానే స్వరసందేశంలో తెలియజేసింది, తెలుగులో. తాతగారు ఆ పంక్తిని రెండుసార్లు చదివి పంపారు.

మా కేశవరెడ్డి నవల ప్రతి ఒక్కటే ఉన్నది. కావలసినవారు ఆదివారం ప్రసాదం వరుస దగ్గర మమ్మల్ని అడగవచ్చు. రెండు వారాలకు ఇస్తాము. బదులుగా మీ ఇంటి పెట్టెలో వచ్చిన నవల ఏదైనా తెండి, నారాయణరావు ఉంటే మరీ సంతోషం. తాతగారు తరువాత దానినే అందుకొంటామంటున్నారు.