ఘాటురోడ్డు మీద మూలిగిన వ్యాను

అరకు చూడాలని పిల్లలతో విశాఖపట్నం నుండి వ్యానులో బయలుదేరాము. శృంగవరపుకోటలోనే స్టీరింగు త్రిప్పినప్పుడల్లా బండి మూలిగింది, మేము లక్ష్యపెట్టలేదు. ఘాటు మలుపుల్లో స్టీరింగు రాయిలా బరువెక్కింది. ప్రక్కనే లోయ!

చదునైన చోట ఆపి, వెనుక చక్రాలకు రాళ్లు పెట్టి, బానెట్ ఎత్తాము. బెల్టు బాగానే ఉంది. పవర్ స్టీరింగు ఆయిలు మాత్రం డబ్బాలో అడుగంటింది. డబ్బాకు తిరిగివచ్చే గొట్టం క్లిప్పు వద్ద తడి కనబడింది. డ్రైవరు క్లిప్పు బిగించి, వెంట తెచ్చుకున్న అదే రకం ఆయిలు పోశాడు. ఇంజను ఆపియుంచి, ముందుభాగాన్ని జాకీతో లేపి, బుడగలు ఆగేవరకు స్టీరింగును ఆ కొస నుండి ఈ కొసకు మెల్లగా త్రిప్పాడు. గొట్టాలలోని గాలి పోయింది, మూలుగూ పోయింది.

కాఫీతోటల నడుమ అనంతగిరి చేరేసరికి పిల్లలు పాటలందుకున్నారు. ప్రియ పాఠకులారా, కొండ ఎక్కకముందే ఆ డబ్బా చూసుకోండి. బండి మూలిగితే ఆగి వినండి.